రోడ్డు మీది నెమలికంఠం

ఆ శుక్రవారం పొద్దున ప్రభాకర్ చేయవలసిన పని చాలా చిన్నది. షెడ్డులోకి వెళ్లి, కారు మీది దుప్పటి తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపు దడదడలాడనిచ్చి ఆపేయాలి. బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి జరిగే సేవ అది. కారు ముందుకు కదలకూడదు, వెనక్కి కదలకూడదు. ఈ మాట భార్య స్వరాజ్యలక్ష్మి ప్రతి వారం చెబుతుంది. ఆ వారం కూడా చెప్పింది. చెప్పి, మెడలో కండువా వేసుకుని, హైవే మీది దీక్షా శిబిరానికి బయలుదేరింది.

ఆమె సర్కారు బడిలో లెక్కల టీచరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బళ్లు మూతపడ్డాక శిబిరంలో మైకు ఆమె చేతికి వచ్చింది. అప్పటి నుంచి సిద్దిపేటలో ఎవరు ఎంతసేపు మాట్లాడాలో ఆమే నిర్ణయిస్తోంది. సాయంత్రం దాకా ఇంటికి రాదు. ప్రభాకర్ ఎరువుల దుకాణం కూడా సమ్మెలోనే ఉంది. చేతిలో తాళంచెవి, ఎదురుగా కారు, ఇంట్లో అడిగేవాళ్లు లేరు. పెద్ద పెద్ద నేరాలకు కూడా ఇంతకన్నా ఏర్పాట్లు అక్కర్లేదు.

అది మామూలు కారు కాదు. రెండే సీట్లు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. స్వరాజ్యలక్ష్మి తండ్రి దుబ్బయ్య హైదరాబాదులో ఒక నవాబుల ఇంట మెకానిక్‌గా పనిచేశాడు. ఆ ఇంటివాళ్లు తుక్కు కింద పారేయబోయిన విలాయతి రేసు బండిని అడిగి తెచ్చుకుని, ఏళ్ల తరబడి బోల్టు బోల్టుగా బతికించాడు. రంగు కూడా తానే కలిపాడు. నెమలికంఠం రంగు. ఎండలో ఒకలా, నీడలో ఇంకోలా కనిపించే ఆ రంగు ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు. ఎలా కలిపాడో ఎవరికీ చెప్పకుండానే ఆయన పోయాడు. అంతకు చాలా ముందే, కూతురికి టీచరు ఉద్యోగం వచ్చిన రోజున, కారును స్వయంగా సిద్దిపేట దాకా తోలుకొచ్చి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

పెళ్లయిన కొత్తలో స్వరాజ్యలక్ష్మి ఆ కారును గాలిలా నడిపేది. తర్వాత ఎప్పుడో మానేసింది. చాలా ఏళ్లుగా దాన్ని షెడ్డు దాటనివ్వలేదు. మెత్తటి బట్టతో తప్ప తుడవనివ్వదు. ఎవరైనా దగ్గరగా వంగి చూడబోతే, ఏదో ఒక పని చెప్పి అక్కడి నుంచి పంపేస్తుంది. తండ్రి చేతి రంగు మీద ఆమెకున్న భక్తి అదని ప్రభాకర్ అనుకునేవాడు. ఆ భక్తిని గౌరవించేవాడు.

కానీ ఆ పొద్దున ఇంజన్ చాలా కమ్మగా పలికింది. బస్సుల్లేవు, లారీల్లేవు, వీధిలో కోడి తప్ప ప్రాణి లేదు. ఆ వీధి చివరి దాకా వెళ్లి రావడం కదలడం కిందకి వస్తుందా అని ప్రభాకర్ తనను తాను అడిగాడు. రాదని తానే చెప్పుకున్నాడు. వెళ్లడం దివ్యంగా జరిగింది. రావడం కూడా గేటు దాకా దివ్యంగానే జరిగింది. గేటులో తిరుగుతుండగా ఎడమ పక్క నుంచి ఒక శబ్దం వచ్చింది. పళ్లు జివ్వుమనే శబ్దం.

దిగి చూశాడు. గేటు కొక్కెం డోరు మీద మొదలుపెట్టి వెనక చక్రం దాకా గీత గీసింది. లెక్కల టీచరు స్కేలు పెట్టి గీసినా అంత తిన్నగా రాదు.

బస్టాండు వెనుక మహబూబ్ షెడ్డు ఉంది. కార్ల సొట్టలు తీసి రంగు వేయడంలో అతని చెయ్యి ఆ చుట్టుపక్కల పేరున్న చెయ్యి. కారును సందుల్లోంచి దొంగలా అక్కడికి చేర్చేసరికి ప్రభాకర్ చొక్కా తడిసిపోయింది. మహబూబ్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి, కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. గీత మీద బొటనవేలు పెట్టి, ఎందుకో ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"మేడమ్‌కు ఎరుకేనా, సాబ్?"

"ఎరుకైతే నీ దగ్గరికి ఎందుకొస్త భాయ్? ఇంటికాన్నే నా సావు నేను సస్తుంటి. ఆమె వచ్చేలోపు డోరు మాయం గావాలె. అంటే, గీత మాయం గావాలె."

మహబూబ్ గీతను పూడ్చడానికి లప్పం పెట్టి ఆరనిచ్చాడు. అద్దాలకు, లైట్లకు, నంబరు ప్లేటుకు పాత పేపర్లు అంటించి టేపు వేశాడు. ప్రభాకర్ కంగారు చూసి, సందులోంచి ఎవరూ పోల్చుకోకుండా మిగతా బండికి కూడా పేపర్లు చుట్టాడు. తర్వాత రంగు కలపడానికి కూర్చున్నాడు. ఇక్కడే ప్రభాకర్‌కు భయం వేసింది. మామ కలిపిన రంగు మామతోనే పోయింది కదా. కానీ మహబూబ్ కారు వైపు తిరిగి కూడా చూడకుండా నాలుగు డబ్బాలు ముందేసుకుని, పుల్లతో కలిపి, రేకు ముక్క మీద పూసి చూపించాడు. అచ్చం అదే నెమలికంఠం.

"సూడకుంటనే ఎట్ల కలిపినవు భాయ్?"

"చేతికి యాదికున్నది సాబ్," అన్నాడు మహబూబ్, తల ఎత్తకుండా.

పనివాడి గొప్ప అనుకున్నాడు ప్రభాకర్. గుండె కుదుటపడింది. సరిగ్గా అప్పుడే షెడ్డు తలుపు తోసుకుని రాజమల్లయ్య వచ్చాడు.

రాజమల్లయ్య సైన్‌బోర్డులు రాస్తాడు. పెయింటర్ల జేఏసీకి కార్యదర్శి. ఆ రోజుల్లో ఒక్కో వృత్తివాళ్లు ఒక్కో రోజు రోడ్డెక్కి, తమ పని రోడ్డు మీదే చేసి నిరసన చెప్పేవారు. మంగలివాళ్లు హైవే మీద గడ్డాలు గీశారు, చాకలివాళ్లు ఇస్త్రీ చేశారు, దర్జీలు మిషన్లు తెచ్చి కుట్టారు. పెయింటర్ల వంతు మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. కారణం అవమానకరమైనది. సంఘంలో ఎక్కువమంది ఇళ్లకు సున్నాలు వేసేవాళ్లు. రోడ్డు మీద గోడ ఉండదు.

పేపర్లు చుట్టుకుని నిలబడ్డ కారును చూసి రాజమల్లయ్య ముఖం వెలిగిపోయింది.

"ఇగో, గిదే మన గోడ," అన్నాడు.

ప్రభాకర్ కుదరదన్నాడు. ఎందుకు కుదరదని రాజమల్లయ్య అడిగాడు. కారు ఎవరిదని అడిగాడు. స్వరాజ్యలక్ష్మి టీచరుదని చెబితే, ఆ మాట తన కన్నా ముందు శిబిరానికి చేరుతుంది. అందుకని కారు బెజ్జంకిలో ఒక పెద్దమనిషిదని, తాను ఊరికే తోడుగా వచ్చానని చెప్పాడు. ఉద్యమం కోసమంటే బెజ్జంకి పెద్దమనిషి కాదంటాడా అని రాజమల్లయ్య అడిగాడు. లేని మనిషి తరఫున కాదనడం ఎలాగో ప్రభాకర్‌కు తెలియలేదు. మహబూబ్ వైపు చూశాడు. మహబూబ్ కూడా పెయింటర్ల జేఏసీ సభ్యుడే. తన వంతు రోజున షెడ్డులో దాక్కున్నాడన్న మాట పడటానికి అతను సిద్ధంగా లేడు. డోరు ఒక్కటే, ఎక్కువ ముట్టుకోవద్దని గట్టిగా మాట తీసుకుని ఒప్పుకున్నాడు.

డప్పులు వచ్చాయి. సున్నాల బకెట్లతో, కుంచెలతో పెయింటర్లు వరసకట్టారు. కారును చేత్తో తోసుకుంటూ ఊరేగింపు బయలుదేరింది. స్టీరింగ్ పట్టుకోవడానికి ఎవరో ఒకరు లోపల కూర్చోవాలి కాబట్టి ప్రభాకర్‌ను కూర్చోబెట్టారు. ముందు అద్దానికి అంటించిన పేపరులో వేలితో కన్నం పొడుచుకుని, దాంట్లోంచి రోడ్డు చూస్తూ, తన భార్య కారును తన భార్య ఎదుటికే నడిపించుకుంటూ వెళ్లాడు.

శిబిరంలో స్వరాజ్యలక్ష్మి మైకు దగ్గర నిలబడి ఉంది. కళ్లద్దాలు కళ్లకే ఉన్నాయి. కన్నంలోంచి ప్రభాకర్ ఆమెను చూశాడు. ఆమె కారు వైపు చూసింది. చాలాసేపు చూసింది. రాజమల్లయ్య వెళ్లి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె గొంతు సవరించుకుని, పేరు చెప్పుకోవడానికి ఇష్టపడని బెజ్జంకి దాత ఒకరు పెయింటర్ల కోసం కారు పంపారని, వారికి జేఏసీ తరఫున ధన్యవాదాలని ప్రకటించింది. హాజరు పిలిచేటప్పటి గొంతు అది. ప్రభాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. పేపర్లు కాపాడాయి అనుకున్నాడు.

చప్పట్ల మధ్య లేచినవాడు పోశయ్య. బెజ్జంకి కల్లుగీత కార్మికుడు, తన ఊరివాళ్లను వెంటేసుకుని దీక్షకు వచ్చాడు. తమ ఊళ్లో ఇటువంటి కారు ఎవరికుందో అతనికి ఎంత ఆలోచించినా తట్టలేదు. నేరుగా, స్టీరింగ్ ముందు కూర్చున్న ప్రభాకర్ దగ్గరికే వచ్చి అడిగాడు.

"గుట్ట కిందాయన," అన్నాడు ప్రభాకర్.

పోశయ్య కాసేపు ఆలోచించి, అయితే ఫలానా వాళ్ల మేనల్లుడై ఉంటాడని తానే తేల్చుకున్నాడు. బానెట్ మీద చెయ్యి వేసి, తన ఊరివాళ్ల వైపు తిరిగి గర్వంగా చెప్పాడు: "మన బెజ్జంకి బండిరా." ఆ క్షణం నుంచి కారుకు ఒక ఊరు అండగా నిలిచింది.

రంగు కొట్టడానికి కంప్రెసర్ కావాలి, కంప్రెసర్‌కు కరెంటు కావాలి. మైకు సెట్టు జనరేటర్ నుంచి వైరు అడిగి తెస్తానని మహబూబ్ వెళ్లాడు. అతను లేని కాసేపట్లోనే అంతా జరిగిపోయింది. కొందరు పని చేస్తుంటే కొందరు చూస్తూ నిలబడటం ఉద్యమానికి మంచిది కాదని రాజమల్లయ్యకు అనిపించింది. నిరసనలో అందరి చెయ్యీ పడాలి. అద్దాలవి తప్ప మిగతా పేపర్లు చింపేసి, డోరు ఒకరికి, బానెట్ ఇద్దరికి, వెనక భాగం ముగ్గురికి పంచిపెట్టి, తలా ఒక గరుకు వాటర్ పేపర్ ముక్క ఇచ్చి, నీళ్లు చల్లుకుంటూ రుద్దమన్నాడు. వాళ్లంతా తాతల నాటి సున్నం పెచ్చులు గీకి అలవాటైన చేతులవాళ్లు.

ప్రభాకర్ "అన్నా, డోరొక్కటే" అన్నాడు. డప్పుల్లో ఎవరికీ వినిపించలేదు. మైకులోంచి మాత్రం స్వరాజ్యలక్ష్మి గొంతు వచ్చింది.

"పెయింటర్ అన్నలకు మనవి. పైపైన రుద్దున్రి. లోపలికి పోవద్దు."

చుట్టూ మూగిన జనంలో ఆమెకు బండి ఆనలేదని, ఎంత మంచి మనసు, ఎవరిదో కారైనా జాలిపడుతోందని అనుకున్నాడు ప్రభాకర్. నీలం నీళ్లు రోడ్డు మీద కాలువ కట్టాయి. ఏళ్ల తరబడి మెత్తటి బట్ట తప్ప తగలని రంగు, దుబ్బయ్య ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయిన రంగు, అందరి చెప్పుల కింది నుంచి మోరీలోకి పోతోంది. గీత పడ్డప్పుడు తిట్లు తింటానని భయపడ్డాడు. ఇప్పుడు ఆ భయం చాలా చిన్నదిగా కనిపించింది. ఆమెకు తండ్రి వదిలి వెళ్లిన వస్తువులు చాలా లేవు. ఉన్న ఒక్కదాన్ని తాను డప్పులు పెట్టి మరీ కడిగించాడు.

నీలం పోయి కింద బూడిద రంగు తేలింది. సున్నాలవాళ్ల చేతులు అక్కడా ఆగలేదు. బూడిద రంగు పోయాక రాజమల్లయ్య చెయ్యి ఎత్తి డప్పులు ఆపించాడు. బానెట్ మీదికి వంగి వేలితో తుడిచి చూశాడు.

"గిదేందే? కింద గూడ నెమలికంఠమే ఉన్నది. గంత మంచి రంగు మీద మల్ల గదే రంగు ఎవరేసిండ్రు?"

ప్రభాకర్ కారు దిగి చూశాడు. నిజమే. బూడిద రంగు పొర కింద ఇంకో నెమలికంఠం ఉంది. పైదాంట్లో నీలం పాలు ఎక్కువ. కిందిదాంట్లో లోతుగా ఒక పచ్చదనం పలుకుతోంది, ఎండ తగిలితే కదులుతున్నట్టు ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే పైది కిందిదానికి ఫోటోలా ఉంది. కారు మొత్తానికి ఎప్పుడో ఎవరో మళ్లీ రంగు వేశారు. ఎప్పుడు? ఎవరు?

మహబూబ్ వైరు చుట్ట భుజానికి వేసుకుని వచ్చి, కారును చూసి అక్కడే ఆగిపోయాడు. అందరూ అతన్ని అడిగారు. అతను జనరేటర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. మైకు కూడా ఏమీ అనలేదు. సమ్మె మొదలైన తర్వాత ఆ మైకు అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారి.

ఆ నిశ్శబ్దంలోకి ఎస్సై జీపు వచ్చి ఆగింది. మనుషులు కూర్చుంటే ఒక రకం, రోడ్డుకు అడ్డంగా వాహనం పెడితే ఇంకో రకం అని ఎస్సై వివరించాడు. కారు ఓనరు ముందుకు వస్తే సరి, లేకపోతే స్టేషన్‌కు లాక్కెళ్లక తప్పదన్నాడు. ఓనరు గుట్ట కిందాయన అని పోశయ్య చెప్పాడు. ఏ గుట్ట అని ఎస్సై అడిగాడు. పోశయ్య కారు ముందు రోడ్డు మీద పడుకున్నాడు. అతని వెనుక బెజ్జంకి వాళ్లంతా ఒక్కరొక్కరే పడుకున్నారు.

"మా ఊరి బండి గుంజుకపోవాలంటె మా మీదికెల్లి పోవాలె," అన్నాడు పోశయ్య, ఆకాశం వైపు చూస్తూ.

జీపులోంచి లాఠీలు దిగాయి. తాను పొద్దున ఆడిన ఒక్క అబద్ధం కోసం ముక్కూ మొహం తెలియని మనుషులు దెబ్బలు తినడానికి పడుకుని ఉన్నారు. ఇంతకన్నా ముందుకు పోవడానికి ఇక దారి లేదు. ఎస్సై వైపు రెండడుగులు వేశాడు. నోరు తెరిచాడు.

"సార్, ఆ కారు బెజ్జంకిది కాదు. నాది."

మాట అతనిది కాదు. స్వరాజ్యలక్ష్మి మైకు బల్ల మీద పెట్టి, జనంలోంచి నడిచి వచ్చి అతని పక్కన నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు. పరీక్ష తప్పిన పిల్ల ముఖం అది. ప్రభాకర్ ఆ ముఖాన్ని ముందెప్పుడూ చూడలేదు.

"తప్పు నాది," అన్నాడు గబగబా. "పొద్దుగాల జెర్ర బయటికి తీసిన. గేటు కొక్కెం తలిగింది. ఎడమ పక్కకు గింత పొడుగు గీత పడ్డది."

ఆమె ఎడమ పక్కకు వెళ్లి చూసింది. "ఏది గీత?"

చూపించడానికి గీత లేదు. సున్నాలవాళ్లు గీతతో సహా గీకేశారు. నేరం ఒప్పుకున్న మనిషి చేతిలో సాక్ష్యం లేకుండా నిలబడ్డాడు. ఆమె మాత్రం అక్కడే వంగి, బయటపడిన రంగు మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపటికి మహబూబ్ వైపు తిరిగింది.

"ఈసారి కిందిది సూసి కలుపు భాయ్. పోయినసారి నీలం ఎక్కువేసినవు."

"అప్పుడే జెప్పిన మేడమ్," అన్నాడు మహబూబ్. "డోరొక్కటే ఏస్తె కలుస్తలేదు, అంత ఏద్దామన్న. టైమియ్యమంటె, సాబ్ మాల ఇప్పి ఇంటికొచ్చేలోపు గావాలన్నరు."

పోయినసారి. ప్రభాకర్‌కు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళ్లిన ఏడు. తిరిగి వచ్చేసరికి షెడ్డులో కారు తళతళా మెరుస్తోంది. పాలిష్ పెట్టించానంది ఆమె. మామ చెయ్యి చెయ్యే, ఇన్నేళ్లయినా రంగు చెక్కుచెదరలేదని తాను మెచ్చుకున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఏడు నుంచే ఆమె కారు నడపడం మానేసింది. ఆ ఏడు నుంచే ఎవరినీ దగ్గరగా చూడనివ్వలేదు. భక్తి అనుకుని తాను ఇన్నాళ్లూ గౌరవించింది ఆమె దిగులును.

"నీకెక్కడ తలిగింది?" అని అడిగాడు నెమ్మదిగా.

"గేటుకే."

"కొక్కేనికా?"

ఆమె తల ఊపింది. ఎస్సై ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఈ కేసు ఏ సెక్షను కిందకి వస్తుందో తేలక, లాఠీలను జీపు ఎక్కమన్నాడు.

"బాపు రంగు నా చేతులనే పోగొట్టుకున్న అనుకున్న," అంది స్వరాజ్యలక్ష్మి, ఎవరితో అంటోందో తెలియకుండా. "దుప్పటి తీసినప్పుడల్ల గదే యాదికొస్తుండె."

మహబూబ్ భుజం మీది వైరు చుట్టను కిందికి దించాడు. "పోలే మేడమ్. రంగేసేముందు పాతది మొత్తం గీకాలె. గది కాయిదా. నాకు గీకబుద్ధి గాలే. పైన మెరుపు పోయేదాక రుద్ది, ఆపేసిన. దాని మీద బూడిద రంగు ప్రైమర్ కొట్టి కొత్తదేసిన. పని తప్పే. ఎవరికన్న జెప్తె నా పేరు పోతదని ఊకున్న."

రాజమల్లయ్య ఎందుకో కుంచె వెనక్కి దాచుకున్నాడు. బెజ్జంకి వాళ్లు లేచి దుమ్ము దులుపుకున్నారు. పోశయ్య ముఖం మాత్రం చిన్నబోయింది. గుట్ట కిందాయన లేడని అతనికి ఇప్పుడే తెలిసింది. స్వరాజ్యలక్ష్మి అతన్ని పిలిచి, కారు తయారైన రోజు మొదట వచ్చేది బెజ్జంకికే అని, ముందు సీట్లో కూర్చునేది అతనే అని మాట ఇచ్చింది. ముందు సీటు తప్ప ఇంకో సీటు లేదని ఆమె చెప్పలేదు.

పని షెడ్డులోనే చేస్తానని, దుమ్ములో తెరిచి పెట్టనని మహబూబ్ పట్టుబట్టాడు. కిందిది నిలిచిన మేర దానికే పాలిష్ పెడతానని, మరీ లోతుగా గీకిన చోట మాత్రం కొత్తది కలుపుతానని అన్నాడు. ఈసారి ఎన్ని రోజులైనా ఫరవాలేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. కానీ ఆ సాయంత్రం కారు ఇంటికే వెళ్లాలని స్వరాజ్యలక్ష్మి పట్టుబట్టింది. అద్దం మీది పేపరు తానే చింపేసి, డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. ప్రభాకర్ పక్కన కూర్చున్నాడు. నీలం, బూడిద, పచ్చని నెమలికంఠం మచ్చలు మచ్చలుగా వేసుకుని, పెయింటర్లు చప్పట్లు కొడుతుండగా, కారు సిద్దిపేట వీధుల్లోకి తిరిగింది. ఆమె గేరు మార్చిన తీరు చూసి ప్రభాకర్‌కు పెళ్లయిన కొత్త రోజులు గుర్తుకు వచ్చాయి. నువ్వు మొదటే పోల్చుకున్నావా అని అడిగాడు. సిద్దిపేటలో ఇలాంటి కారు ఇంకొకటి ఉందా అని ఆమె అడిగింది. మరి మైకులో ఎందుకు చెప్పలేదన్నాడు. నువ్వు రుద్దొద్దని ఎందుకు గట్టిగా అరవలేదంది.

ఇంటి ముందు ఆమె బ్రేకు వేసింది. కారు లోపలికి తిప్పకుండా, ఇంజన్ ఆపకుండా, ఇద్దరూ గేటు వైపు చూస్తూ కూర్చున్నారు.

తెలంగాణ రావడానికి ఆ తర్వాత కూడా చాలాకాలమే పట్టింది. గేటు కొక్కెం మాత్రం ఆ మర్నాడే ఊడింది.